అమ్మ బైబిల్లో మిగిలిన మాత్రలు

అమ్మను అక్టోబరులో సమాధి చేశాం. నెల తిరక్కముందే నాకు దగ్గు పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పాడైందనుకున్నాను. పొద్దు వాలితే ఒళ్ళు వెచ్చబడేది, రాత్రి చెమటకు దిండు తడిసేది. అవన్నీ అమ్మలో చూసినవే. అయినా ఎవరికీ చెప్పలేదు. నోరు తెరిచి అంటే నిజమైపోతుందని భయం.

అమ్మకు రెండేళ్ల కింద టీబీ వచ్చింది. రెండు నెలలు మందులు మింగేసరికి దగ్గు ఆగింది, అన్నం సహించింది. అప్పుడే ఒక ఉపవాస ప్రార్థనలో, ప్రార్థన చేసినవారు అమ్మ తలమీద చేయిపెట్టి, "స్వస్థత కలిగిందమ్మా, ఇంకా మాత్రలు మింగితే అవిశ్వాసం" అన్నారు. అమ్మ నమ్మింది. పక్కన కూర్చున్న నేను ఆమెన్ అన్నాను. ఆ ఆమెన్ ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది. దగ్గు ఆగినంత మాత్రాన లోపలి క్రిములన్నీ చావవు. మిగిలినవి మళ్ళీ లేస్తాయి. ఆరు నెలల కోర్సు అందుకే.

అమ్మ పోయాక ఆమె బైబిలు తీశాను. జిప్పు కవరు లోపలి అరలో మందుల రేకు ఒకటి ఉంది. కొన్ని గుంటలు చిరిగి ఖాళీ. తక్కినవాటిలో ఎర్రమట్టి రంగు మాత్రలు అట్లే ఉన్నాయి. రేకు అంచు ఒత్తుకుని కవరు మీద గీత పడింది. పారేయలేదు, మింగనూ లేదు. ఎన్నిసార్లు తీసి చూసుకుందో.

డిసెంబరు మూడో వారంలో మా ఊరి ఆశా కార్యకర్త నా దగ్గు విని తెమడ డబ్బా చేతిలో పెట్టింది. "ఇంట్లో ఒకరికొస్తే అందరూ చూపించుకోవాలని అప్పుడే చెప్పినా కదక్కా" అంది. తెమడలో టీబీ క్రిమి ఉందో లేదో, ఉంటే మందుకు లొంగుతుందో లేదో చూసే సీబీనాట్ పరీక్షలో టీబీ ఉందని తేలింది. దానికంటే పెద్ద భయం ఇంకోటి. అమ్మ మధ్యలో మానేసింది కాబట్టి క్రిములు మందుకు మొండికేసి, అవే నాకూ అంటాయేమోనని. టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమేనని డాక్టరమ్మ చెప్పింది. ఆసుపత్రి మెట్లమీదే కూర్చుని స్తోత్రం అన్నాను. అమ్మ పోయాక దేవునితో నేనాడిన మొదటి మాట అదే.

నా బరువు 43 కిలోలు, రోజుకు మూడు మాత్రలు, పరగడుపున. మూత్రం నారింజ రంగులో వస్తుందని, భయపడొద్దని నర్సు ముందే చెప్పింది.

డిసెంబరు 31 రాత్రి గుడి లోపలికి పోలేదు. మందులు మొదలై పన్నెండు రోజులే, ఇంకా ఎవరికైనా అంటవచ్చు. మాస్కు కట్టుకుని బయట వేపచెట్టు కింద కుర్చీ వేసుకున్నాను. కిటికీలోంచి అమ్మ కూర్చునే చాప చోటు కనబడుతూనే ఉంది. పన్నెండుకు గంట కొట్టారు. కొత్త ఏటికి ఒక్కొక్కరు ఒక్కో బైబిల్ వాక్యం తీసుకునే వాగ్దానాల పళ్ళెం ఒక పిల్లాడు నా దగ్గరకే తెచ్చాడు. నాకొచ్చింది యెషయా 43:2. "నీవు జలములలో బడి దాటునప్పుడు నేను నీకు తోడై యుందును." స్వస్థత మాటే లేదు అందులో. ఆ రాత్రి నాకు కోపం వచ్చింది. నీళ్లలో దించడమెందుకు, తోడుండడమెందుకు అనుకున్నాను.

ఫిబ్రవరిలో అదే యెషయాలో హిజ్కియా రాజు జబ్బు చదివాను. ఎన్నోసార్లు విన్నదే. రాజు కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు ఇచ్చాడు. ప్రసంగాలు అక్కడ ఆగుతాయి. కానీ పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని చెప్పింది కూడా ఆ మాట తెచ్చిన యెషయా ప్రవక్తే. మాది మదనపల్లె వైపు. మాత్రలు లేని కాలంలో, 1915లో, మిషనరీ సంఘాలు కలిసి ఈ జబ్బు కోసమే ఆరోగ్యవరంలో శానిటోరియం తెరిచాయి. గాలి, విశ్రాంతి, మంచి తిండి, అప్పటికి ఉన్న వైద్యం అదే. ప్రార్థించే చేతులే రోగికి పక్క పరిచాయి. అది అమ్మకు చెప్పలేకపోయాను.

అయిదో నెల అన్నిటికంటే కష్టం. దగ్గు లేదు, జ్వరం లేదు, ముఖం నిండింది. మాత్ర చూస్తేనే కడుపులో తిప్పేది. బాగున్నాను కదా, ఇంకెందుకు అని మనసు పోరేది. అమ్మ ఎందుకు మానేసిందో అప్పుడు అర్థమైంది. అంతవరకూ లోలోపల అమ్మమీద ఉన్న కోపం ఆ పొద్దున వంటింట్లో, నీళ్ల గ్లాసు చేతిలో ఉండగానే కరిగింది. ఒక్కొక్క మాత్రకు ఒక్కొక్క స్తోత్రం చెప్పి మింగాను. ఇద్దరి తరఫునా.

జూన్‌లో కోర్సు అయిపోయింది. బరువు 49. ఎక్స్‌రేలో చిన్న మచ్చ మిగిలింది, అది మానిన గాయమని చెప్పారు.

ఈ జనవరి 1న సాక్ష్యానికి లేచాను. దేవుడు నన్ను బాగుచేశాడన్నాను, ఆరు నెలలు మాత్రలతో బాగుచేశాడన్నాను. అమ్మ రేకు తీసి చూపించాను. చేయి వణికింది. నేనన్న ఆమెన్ గురించి కూడా చెప్పాను. గుడి చాలాసేపు నిశ్శబ్దంగా ఉంది.

ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే వెనకవరసలో కూర్చునే పెద్దమ్మ ఒకామె కూతుర్ని చేయిపట్టుకుని తెచ్చింది. పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఆ తెమడ డబ్బా యాడిస్తారు బిడ్డా?" అని అడిగింది.