చప్పిడి ముక్కు కుక్కల్లో ఏది మేలు?

చిన్న ఇంట్లో ఇమిడే కుక్క కావాలనుకునేవారిలో చాలామంది చివరికి పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బోస్టన్ టెర్రియర్, షిట్జూ, పెకింగీస్ జాతుల దగ్గరికి వచ్చి తర్జనభర్జన పడుతుంటారు. మా ఇంట్లోనూ అదే జరిగింది. మా అమ్మాయి పగ్ కావాలని పట్టుబట్టింది, మా ఆవిడ ఫ్రెంచ్ బుల్‌డాగ్ వైపు మొగ్గింది, నా మనసు మొదటి నుంచీ షిట్జూ మీదే ఉంది. ఎవరి ఇష్టం వారిదే అయినా, ఈ జాతులను రంగునూ బొచ్చునూ చూసి కాక, ముందుగా ఊపిరిని బట్టి పోల్చుకోవాలని నా అభిప్రాయం.

తరతరాలుగా పొట్టి మూతి ఉన్న కుక్కలనే ఏరి జత కట్టించడం వల్ల వీటి పుర్రె ఎముక కుదించుకుపోయింది గానీ, లోపలి మెత్తని కండ ఆ మేరకు తగ్గలేదు. అందుచేత చాలా కుక్కల్లో అంగిలి వెనుక భాగం సాగి గాలి దారికి అడ్డంగా వేలాడుతుంది, ముక్కుపుటాలు ఇరుకుగా ఉంటాయి, కొన్నింటికి శ్వాసనాళమే సన్నగా ఉంటుంది. బలవంతంగా గాలి లాగీ లాగీ స్వరపేటిక దగ్గరి పొరలు కూడా పొంగి, ఉన్న కాస్త దారినీ మూసివేస్తాయి. ముద్దుగా గురక పెడుతోందని మనం మురిసిపోయే చప్పుడు చాలాసార్లు ఈ పెనుగులాటే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ప్రధానంగా రొప్పడం ద్వారానే అది ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. కనుక గాలి దారి ఇరుకైన కుక్కకు ఎండలో కాసేపటి పరుగు కూడా వడదెబ్బకు దారి తీయగలదు. ఒళ్లు చేస్తే ఈ ఇబ్బంది మరింత ముదురుతుంది.

ఈ లెక్కన చూస్తే పగ్ మీద నాకున్న కాస్త మమకారం కూడా వెనక్కి తగ్గక తప్పలేదు. ఆరు నుంచి ఎనిమిది కిలోల బరువుండే ఈ కుక్క మనిషిని అంటిపెట్టుకుని తిరుగుతుంది, పిల్లలతో ఓపికగా ఉంటుంది, తిండి కనబడితే మాత్రం ఆగదు. పొట్టి బొచ్చే కదా అనుకుంటే పొరపాటు, ఏడాది పొడవునా అది రాలుతూనే ఉంటుంది. కళ్లు ముందుకు పొడుచుకొచ్చి ఉండటం వల్ల చిన్న గీత పడినా నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. ఆరోగ్యం దృష్ట్యా పగ్‌ను ఇక మామూలు కుక్కగా పరిగణించలేమని బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2022లో తేల్చి చెప్పారు. ఆ మాట మా అమ్మాయికి నచ్చలేదు.

ఫ్రెంచ్ బుల్‌డాగ్ అదే 2022లో కుక్కల జాతులను నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ లెక్కల్లో లాబ్రడార్‌ను దాటి మొదటి స్థానానికి చేరింది. మొరగడం తక్కువ, స్వభావం నెమ్మది. అయితే శ్వాసతో పాటు వెన్నుపూసల లోపాలు, చర్మపు అలర్జీలు కూడా ఈ జాతిలో తరచుగా కనిపిస్తాయి. తల పెద్దది, కటి ఇరుకు కావడంతో ఎక్కువ కాన్పులు సిజేరియన్ తోనే జరుగుతాయి. తల బరువు వల్ల ఈత కూడా సరిగా రాదు, నీళ్ల దగ్గర ఒంటరిగా వదలకూడదు. అరుదైన రంగు అంటూ ఎక్కువ ధరకు అమ్మే నీలి బూడిద రంగు పిల్లలను చూసి మోజు పడవద్దని ప్రత్యేకంగా చెబుతాను, ఎందుకంటే ఆ రంగుకు కారణమైన జన్యువుతోనే బొచ్చు ఊడిపోయే చర్మవ్యాధి ముడిపడి ఉంది.

బోస్టన్ టెర్రియర్ వీటికంటే చురుకైనది, కాళ్లు కాస్త పొడవు, ఒళ్లు తేలిక. బంతి విసిరి ఆడించే తీరిక ఉన్నవారికి ఇది బాగా కుదురుతుంది, కంటి జబ్బులు మాత్రం కనిపెట్టి ఉండాలి. పెకింగీస్ ముఖం మరీ చదును, పైగా ఒంటి నిండా దట్టమైన బొచ్చు. 1860లో చైనా చక్రవర్తుల వేసవి రాజప్రాసాదాన్ని దోచుకున్న సైనికులు తెచ్చి విక్టోరియా రాణికి సమర్పించిన కుక్క ఈ జాతిదే. దానికి లూటీ అని పేరు పెట్టడం ఎంత నిస్సిగ్గు!

షిట్జూలోనూ శ్వాస సమస్య ఉంటుంది, కానీ పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లలో కనిపించినంత తరచుగా, అంత తీవ్రంగా కాదు. నాలుగు నుంచి ఏడు కిలోల ఈ కుక్కతో అసలు చాకిరీ బొచ్చు దగ్గర ఉంది. అది పెద్దగా రాలదు, పెరుగుతూనే పోతుంది. పైపైన దువ్వితే నిగనిగలాడుతూ కనిపిస్తుంది గానీ, చెవుల వెనుకా చంకల్లోనూ వేలు పెట్టి చూస్తే చర్మానికి అంటుకుని ఉండలు కట్టి ఉంటుంది. రోజూ పాయలు తీసి మొదలు దాకా దువ్వే ఓపిక లేనివారు పొట్టిగా కత్తిరించి ఉంచడమే ఆ కుక్కకు సుఖం.

జాతి ఏదైనా, ఎదురుగా ఉన్న కుక్కను పట్టి చూడాలి. ముక్కుపుటాలు తెరుచుకుని ఉన్నాయా, సన్నని గీతల్లా మూసుకుపోయాయా, ఊపిరి పీల్చినప్పుడు వాటి అంచులు లోపలికి ముడుచుకుంటున్నాయా అన్నది దగ్గరగా కూర్చుంటే కనబడుతుంది. మూతి ఎంత ఉంటే అంత మేలు. మూతి పొడవు పుర్రె పొడవులో దాదాపు మూడో వంతైనా లేని కుక్కలకు పిల్లలు పుట్టించరాదని నెదర్లాండ్స్ 2019లో కట్టడి చేసింది. అదే ఏడాది కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం, బ్రిటన్ కెన్నెల్ క్లబ్ కలిసి ఒక ఊపిరి పరీక్షను అమలులోకి తెచ్చాయి. కుక్కను మూడు నిమిషాలు వడిగా నడిపించి, అంతకుముందూ ఆ తర్వాతా గొంతు దగ్గర స్టెతస్కోపు పెట్టి విని, సున్నా (ఇబ్బంది లేదు) నుంచి మూడు (తీవ్రమైన ఇబ్బంది) వరకు గ్రేడు ఇస్తారు. ఏడాది నిండని కుక్కకు ఈ పరీక్ష చేయరు, అందుకే పిల్లను కొనేవారు తల్లిదండ్రుల గ్రేడు అడగాలి.

ఊపిరి ఇబ్బంది పిల్ల వయసులో దాగి ఉండి పెరిగాక బయటపడుతుంది కాబట్టి, పెద్ద కుక్కను దత్తత తీసుకోవడమే తెలివైన పని అని నాకు తోచింది. మా ఇంట్లో వాదన కూడా అక్కడే తెగింది. మూడేళ్లు దాటిన షిట్జూ కోసం సంరక్షణ కేంద్రాల్లో వాకబు చేస్తున్నాం. చూడటానికి వెళ్లినప్పుడు కాసేపు వడిగా నడిపించి, మళ్లీ మామూలుగా ఊపిరి తీయడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూసే బాధ్యత మా అమ్మాయికి అప్పగించాం.