ముఖపత్రం మీద రెండో పేరు

ముప్పై ఏళ్లు చిన్న పిల్లల చేత గుణింతాలు దిద్దించాను. 'క' రాసి తలకట్టు దగ్గర మొదలుపెడితే విసర్గ దాకా పలక నిండిపోయేది. అలాంటి నాకు, అచ్చులు రెండే ఉన్న భాష ఒకటి ఉండేదని తెలిసిన రాత్రి నిద్ర పట్టలేదు. ఆ భాష పేరు ఉబిఖ్, కాకసస్ ప్రాంతపు సిర్కాసియన్ భాషకు దగ్గర చుట్టం. హల్లులు మాత్రం 84! పెదవులు గుండ్రంగా చుట్టి పలికే 'క' ఒక హల్లు, నాలుకను అంగిలి వైపు లేపి పలికే 'క' మరొకటి, కొండనాలుక దగ్గర పుట్టేవి ఇంకో గుంపు.

ఉబిఖ్‌ల సొంత ఊళ్లు నల్ల సముద్రం ఒడ్డున, ఇప్పటి రష్యాలోని సోచీ చుట్టుపక్కల ఉండేవి. 1864లో రష్యా సైన్యానికి ఓడిపోయాక, సిర్కాసియన్లతో పాటు వాళ్లూ ఓడలెక్కి ఒట్టోమన్ రాజ్యానికి, అంటే ఇప్పటి టర్కీ వైపుకు, చేరారు. పిల్లలు క్రమంగా తుర్కీ భాషలోకి మారిపోయారు.

ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న ఫ్రెంచి పండితుడు జార్జ్ ద్యుమెజీల్ వాళ్లు స్థిరపడిన పల్లెలు వెతుక్కుంటూ వెళ్లి, 1931లో ఉబిఖ్ మీద పుస్తకం తెచ్చాడు. అంతటితో వదిలేయలేదు. తర్వాతి కాలంలో ఆయనకు తెవ్‌ఫిక్ ఎసెంచ్ దొరికాడు. హాజీ ఒస్మాన్ గ్రామంలో అవ్వాతాతల పెంపకంలో ఉబిఖ్ నేర్చుకున్నవాడు, ఆ ఊరికి పెద్దగా కూడా చేసినవాడు. ఇద్దరూ ఏళ్ల తరబడి కూర్చుని ఒక్కో క్రియాపదాన్ని విప్పి చూశారు. మన 'వచ్చాను'లో చేసినవాడు చివర కనిపిస్తాడు. ఉబిఖ్‌లో ఎవరు, ఎవరికి, దేన్ని అన్నవన్నీ ధాతువుకు ముందే వరసగా వచ్చి అతుక్కుంటాయి.

ఆ క్రియల మీద 1975లో వచ్చిన పుస్తకం ముఖపత్రం మీద ద్యుమెజీల్ పేరుతో పాటు, సహకారం అంటూ తెవ్‌ఫిక్ ఎసెంచ్ పేరూ ఉంది. నాకు ఆ పండితుడి మీద గౌరవం పెరిగింది అక్కడే. భాష చెప్పినవాళ్లను పేరు లేని 'వక్త'గా వదిలేసిన పుస్తకాలు ఎన్ని లేవు!

ద్యుమెజీల్ 1986లో పోయారు. 1992 అక్టోబరు 7న ఎసెంచ్ కూడా కన్ను మూశాడు. ఆయన కొడుకులకు ఉబిఖ్ రాదు. భాషను ధారాళంగా మాట్లాడే మనిషి మరొకరు మిగల్లేదు.

రికార్డుల్లో ఎసెంచ్ గొంతు మాత్రం ఉంది. ఆయన చెప్పిన ఒక కథను రాత్రి మళ్లీ విన్నాను. ఇద్దరు మనుషులు కలిసి ప్రయాణమయ్యారు. ఒకడి మూటలో రొట్టె, జున్ను. రెండోవాడి మూటలో రొట్టె, చేపలు. "మీ వాళ్లు ఇన్నేసి చేపలు ఎందుకు తింటారు?" అని అడిగాడు జున్ను తెచ్చుకున్నవాడు. "చేపలు తింటే తెలివి పెరుగుతుంది, అందుకని" అన్నాడు రెండోవాడు.