ఫిల్మ్ మధ్యదాకా వెళ్ళిందా?

మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలు "మేడమ్, గ్రాఫ్టింగ్ 20 శాతం వచ్చింది" అని సంబరంగా నోట్‌బుక్ పట్టుకొస్తారు. గ్రాఫ్టింగ్ అంటే ఒక ప్లాస్టిక్ ఫిల్మ్‌లో వేరే పాలిమర్ గొలుసులను మొలిపించడం. నేను ముందుగా అడిగేది ఒకటే: "మధ్యదాకా వెళ్ళిందా?"

మేం ఈ ఫిల్మ్‌ను ఫ్యూయల్ సెల్ మెంబ్రేన్ కోసం తయారుచేస్తాం. హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో కరెంట్ పుట్టించే ఆ సెల్‌లో మెంబ్రేన్ హైడ్రోజన్ వైపు నుంచి ఆక్సిజన్ వైపుకి ప్రోటాన్లను దాటిస్తుంది. రెండు వాయువులనూ కలవనివ్వదు, ఎలక్ట్రాన్లకు దారి ఇవ్వదు. ఎక్కువమంది వాడేది 1960లలో డ్యూపాంట్‌లో వాల్తర్ గ్రోట్ రూపొందించిన నాఫియాన్. గట్టి సరుకే కానీ ఖరీదు. మా దారి వేరు. వైర్ల ఇన్సులేషన్‌కీ, పెద్ద భవనాల పారదర్శకమైన పైకప్పులకీ వాడే ఈటీఎఫ్ఈ అనే ఫ్లోరిన్ ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టలుచుట్టలుగా దొరుకుతుంది. దాన్నే మెంబ్రేన్‌గా మార్చుకుంటాం.

25 మైక్రాన్ల ఫిల్మ్ ముక్కను కోబాల్ట్-60 గామా ఛాంబర్‌లో పెడతాం. రేడియేషన్‌కి పాలిమర్ గొలుసుల్లో రాడికల్స్, అంటే జతలేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన చోట్లు, పుడతాయి. గాలిలో చేస్తాం కాబట్టి అవి ఆక్సిజన్‌తో కలిసి పెరాక్సైడ్లవుతాయి. అలాంటి ఫిల్మ్‌ను మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచుకుని తీరిగ్గా వాడుకోవచ్చు. డోస్ ఎక్కువైతే మాత్రం గొలుసులు తెగి ఫిల్మ్ బలం పోతుంది. స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఎలక్ట్రాన్ బీమ్‌తో 1.5 కిలోగ్రే డోసుకే ఈటీఎఫ్ఈ మెంబ్రేన్లు చేశారు.

తర్వాత స్టైరీన్, అంటే పాలీస్టైరీన్‌కి ముడిసరుకైన ద్రవం. అల్యూమినా కాలమ్ గుండా పంపి అందులోని ఇన్హిబిటర్ (నిల్వలో దానంతటదే పాలిమర్ కాకుండా ఆపే పదార్థం) తీసేస్తాం. ఐసోప్రొపనాల్, నీళ్ళు కలిపి, నైట్రోజన్ బుడగలు వదిలి, ఫిల్మ్ ముంచి 60 డిగ్రీల దగ్గర ఉంచుతాం. వేడికి పెరాక్సైడ్లు విడిపోతాయి, అక్కడి నుంచి పాలీస్టైరీన్ గొలుసులు మొలుస్తాయి.

అసలు కథంతా ఇక్కడే ఉంది. ఈటీఎఫ్ఈ స్టైరీన్‌ను సరిగా పీల్చుకోదు. కాబట్టి గ్రాఫ్టింగ్ ముందు రెండు ఉపరితలాల మీదే మొదలవుతుంది. గ్రాఫ్ట్ అయిన పొర స్టైరీన్‌తో ఉబ్బుతుంది, ఉబ్బిన పొరలోంచి స్టైరీన్ ఇంకాస్త లోపలికి చేరుతుంది. అలా రెండు వైపుల నుంచీ జరుగుతూ వచ్చిన సరిహద్దులు మధ్యలో కలవాలి. కలవకముందే ఆపేస్తే ఉడకని అన్నంలో పలుకు ఉన్నట్టు, ఫిల్మ్ నడుమ ఉత్త ప్లాస్టిక్ పొర మిగిలిపోతుంది. ప్రోటాన్ దాన్ని దాటలేదు.

తూకం ఈ సంగతి చెప్పదు. 0.50 గ్రాముల ఫిల్మ్, టోల్యూన్‌తో కడిగి ఆరబెట్టాక 0.65 తూగితే గ్రాఫ్టింగ్ 30 శాతం, అంతే. ఆ 0.15 గ్రాములు ఎక్కడ కూర్చున్నాయో తెలియాలంటే అడ్డకోత కోసి చూడాలి. సల్ఫొనేషన్ (మొలిచిన గొలుసులకు ప్రోటాన్లను దాటించే, సల్ఫర్ ఉన్న ఆమ్ల సమూహాలు తగిలించడం) అయ్యాక ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద సల్ఫర్ మ్యాప్ తీస్తే, మధ్యలో నల్లటి గీత ఉందో లేదో కళ్ళకు కనిపిస్తుంది. కండక్టివిటీని కూడా ఫిల్మ్ పొడవునా కాదు, మందం గుండానే కొలవాలి. పొడవునా కొలిస్తే పైపొరల్లోంచే ప్రోటాన్లు హాయిగా పరిగెడతాయి, అంకె బాగానే వస్తుంది, లోపం మాత్రం అలాగే దాగిపోతుంది. ఇది చూడకుండా రాసిన రిపోర్టులంటే నాకు నమ్మకం లేదు.

సల్ఫొనేషన్‌కి క్లోరోసల్ఫోనిక్ ఆమ్లం వాడతాం. నీటి చుక్క తగిలితే భగ్గుమంటుంది, అందుకే ఆ రోజు ఫ్యూమ్ హుడ్ దగ్గర ఎవరినీ ఒంటరిగా వదలను. ఆ తర్వాత ఫిల్మ్ స్వభావమే మారిపోతుంది. ఇంతకుముందు నీటిని పూసలుగా జార్చేసిన ముక్క ఇప్పుడు నీళ్ళు పీల్చి పెద్దదవుతుంది, ఆరితే అంచులు చుట్టుకుపోతాయి. 30 శాతం గ్రాఫ్ట్ పూర్తిగా సల్ఫొనేట్ అయితే లెక్క ప్రకారం గ్రాముకి 1.9 మిల్లీమోల్‌ల ఆమ్ల సమూహాలు. నాఫియాన్ 117లో ఉండేది 0.9 దరిదాపుల్లోనే.

ఇక మన్నిక. 1965 ఆగస్టులో జెమిని 5 వ్యోమనౌకలో వెళ్ళిన ఫ్యూయల్ సెల్ మెంబ్రేన్లు కూడా పాలీస్టైరీన్ రకానివే. వాటి బలహీనతే మనకూ ఉంది. బెంజీన్ వలయం పక్క కార్బన్ మీదున్న హైడ్రోజన్‌ను సెల్‌లో పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ లాగేస్తాయి, గొలుసు తెగుతుంది. డైవినైల్‌బెంజీన్ కలిపి గొలుసులను ముడివేస్తే ఆయుష్షు పెరుగుతుంది. కానీ అది ఎక్కువైతే ఉపరితలం దగ్గరే బిగుసుకుపోయి లోపలి దారి మూసుకుంటుంది, ఫిల్మ్ పెళుసవుతుంది. మళ్ళీ అదే మధ్యపొర గొడవ.

ఆ హైడ్రోజనే లేని ఆల్ఫా-మిథైల్‌స్టైరీన్ నాకు ఎక్కువ ఆశ కలిగిస్తోంది. అది ఒంటరిగా సరిగా గ్రాఫ్ట్ కాదు, అందుకే పాల్ షెరర్ బృందం మెథాక్రిలోనైట్రైల్ అనే ఇంకో ముడిపదార్థాన్ని జతచేసింది. మేమూ ఇప్పుడు ఆ జోడీతోనే మొదలుపెట్టాం. ఈ వారం వచ్చిన ముక్కలను ఇంకా తూచలేదు, ముందు అడ్డకోతకి పంపాను.