మూడు రంగుల గీతలు, ఒక తప్పు సమాధానం

తోటి అభ్యర్థులకు నమస్కారం. ముందే చెప్పేస్తాను, నేను ర్యాంకరును కాను. గ్రూప్-4లో జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది, గ్రూప్-2 అందలేదు. కాబట్టి ఏ పుస్తకాలు కొనాలి, రోజుకు ఎన్ని గంటలు కూర్చోవాలి అని నన్ను అడగకండి. నల్లగొండలో రామగిరి దగ్గర అద్దె గదిలో ఉన్న రోజుల్లో నా బుర్రను నేనే ఎలా పాడుచేసుకున్నానో, మళ్లీ ఎలా దారికి తెచ్చుకున్నానో మాత్రం చెప్పగలను.

తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరు చివర్లో వచ్చింది. పరీక్ష 2024 డిసెంబరులో జరిగింది. మధ్యలో నాలుగు వాయిదాలు. వాయిదా పడ్డ ప్రతిసారీ "ఇంకో రివిజన్ దొరికింది" అనుకునేవాళ్లం. తెలంగాణ చరిత్ర పుస్తకాన్ని నేను ఐదుసార్లు చదివాను. మొదటిసారి పెన్సిలుతో గీతలు, తర్వాత పసుపు, ఆ తర్వాత గులాబీ. చివరికి గీత పడని వాక్యమే కొట్టొచ్చినట్టు కనిపించే స్థితికి వచ్చింది పుస్తకం.

ఒక ఆదివారం నమూనా పరీక్షలో, పానగల్లు రాజధానిగా పాలించిన వంశం ఏది అని అడిగారు. పానగల్లు మా గదికి ఎంతో దూరం కాదు. సాయంత్రాలు ఉదయ సముద్రం కట్ట మీద నడిచేదాన్ని. ఊరి నుంచి అమ్మ వస్తే ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్లి, గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే నీడను చూపించాను. కందూరు చోడుల గురించి ఉన్న పేజీ కూడా కళ్లముందు కనిపిస్తోంది, ఎడమవైపు, కింద, గులాబీ రంగులో. కానీ ఇచ్చిన నాలుగు పేర్లూ తెలిసినట్టే ఉన్నాయి. రేచర్ల రెడ్లకు బబుల్ నింపి వచ్చాను.

ఆ రాత్రి గుండె దడతో పడుకోలేకపోయాను. పక్క ఊళ్లో కూర్చుని పక్క ఊరి చరిత్ర రాయలేనిదానికి ఉద్యోగమెందుకు అనిపించింది. మర్నాటి నుంచి ఇంకో రెండు గంటలు పెంచాను. ఫోనులో ప్రేరణ ప్రసంగాలు వినడం మొదలుపెట్టాను. (వాటి మీద నాకు ఇప్పటికీ గౌరవం లేదు. విన్న అరగంట రక్తం ఉడుకుతుంది, పాఠం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.) గంటలు పెరిగేకొద్దీ భయమూ పెరిగింది.

మా గదిలో డీఎస్సీకి చదివే అక్క ఒకరు ఉండేవారు. ఆమె మనోవిజ్ఞాన శాస్త్రం పుస్తకంలో ఎబ్బింగ్‌హాస్ దొరికాడు. అర్థంలేని అక్షరాల ముక్కలను తనే బట్టీపట్టి, ఎంత వేగంగా మరచిపోతున్నాడో లెక్కగట్టి 1885లో అచ్చువేసిన జర్మన్ శాస్త్రవేత్త. మరుపు నా ఒక్కదాని జబ్బు కాదని అప్పుడు తెలిసింది. ఆ దారిలో వెతుకుతూ పోతే 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికి చేసిన ప్రయోగం ఎదురైంది. విద్యార్థుల్లో ఒక జట్టు ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదువుతూనే ఉంది. ఇంకో జట్టు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతల్లో పుస్తకం మూసి గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే చదివినవాళ్లకు సుమారు 40 శాతం, రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. నాకు చెంపదెబ్బలా తగిలింది మాత్రం మరో సంగతి. తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది ఆ చదివిన జట్టే.

నా మూడు రంగులు చేసిన పని అదే. చూసిన పేజీయే మళ్లీ చూస్తుంటే కళ్లకు అలవాటైపోతుంది, ఆ అలవాటును మెదడు 'వచ్చేసింది' అని లెక్కవేసుకుంటుంది. పరీక్షలో ఆ లెక్క తప్పినప్పుడు మనం చదివిన పద్ధతిని అనుమానించం, మనల్ని మనం అనుమానించుకుంటాం. నేను మనసు బలహీనమనుకున్నది చాలావరకు ఇక్కడే పుట్టింది.

తర్వాత పద్ధతి మార్చాను. ఒక అధ్యాయం చదవడం, పుస్తకం మూయడం, పాత కరపత్రాల వెనుకవైపు గుర్తున్నది రాయడం. మొదటి రోజు సాలార్‌జంగ్ సంస్కరణల మీద ఐదు వాక్యాలు కూడా రాలేదు. చాలా అవమానంగా ఉంటుంది, ఆ మాట దాచను. కానీ ఏది రాదో కాగితం మీద కనబడుతుంటే, 'ఏమీ రాదు' అన్న భయం 'ఈ మూడు రావు' అన్నంతకు దిగింది.

నిద్రకు ఇంకో చిట్కా దొరికింది. 2018లో బేలర్ విశ్వవిద్యాలయంలో 57 మంది యువతీయువకులతో పడుకునే ముందు ఐదు నిమిషాలు రాయించారు. చేయాల్సిన పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే సుమారు తొమ్మిది నిమిషాలు ముందే నిద్రలోకి జారుకున్నారు. తొమ్మిది నిమిషాలేనా అని నవ్వుకున్నాను, కానీ చేశాను. పగలు చదివినది మెదడులో స్థిరపడే పని నిద్రలోనూ సాగుతుందని తెలిశాక, రాత్రి రెండు గంటల వరకు మేలుకోవడం గొప్పగా అనిపించడం మానేసింది.

పరీక్షకు ముందు పది నిమిషాలు భయాలను కాగితం మీద పెడితే మార్కులు పెరుగుతాయని 2011లో ఒక పరిశోధన వచ్చింది. 2018లో వేరేవాళ్లు దాన్ని తిరిగి చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. నేను రాసేదాన్ని, తేలికగా ఉండేది. మార్కుల సంగతి మాత్రం హామీ ఇవ్వలేను.

ఇవన్నీ చదువు బెంగకు సంబంధించినవి. గదిలో ఒక చెల్లి తిండి మానేసి, రోజుల తరబడి గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు మా చిట్కాలు ఏవీ పనికిరాలేదు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోను చేశాం. ఉచితం, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడారు. ఆ తర్వాత వైద్యుడి దగ్గరికి వెళ్లింది. దానికి ముందు మేమంతా ఆమెకు 'గట్టిగా ఉండు' అని చెబుతూ రెండు వారాలు పోగొట్టాం.

పరీక్షకు ముందు రోజు, డిసెంబరు 14 రాత్రి, చేయాల్సిన పనుల చీటీలో ఇవి ఉన్నాయి: హాల్ టికెట్, నల్ల పెన్నులు రెండు, ఆరింటి బస్సు, అమ్మకు ఫోను. చివరిదాని కింద ఒక గీత గీశాను, పెన్సిలుతో.