సిక్ అంటే ఏ సిక్?

గుంటూరులో నర్సుగా పనిచేసిన ఆరేళ్ళలో 'సిక్' అన్న మాటకు జబ్బు తప్ప మరో అర్థం ఉంటుందని నాకు తోచలేదు. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఒక ఆసుపత్రి వార్డులో చేరిన రెండో వారంలో, తెల్లవారుజామున ఒక పెద్దాయన 'ఐ హావ్ బీన్ సిక్' అంటే, రాత్రి నుంచి ఒంట్లో బాగోలేదట అని రాసుకుని, బీపీ చూసి, దుప్పటి సర్ది వచ్చేశాను. ఏడున్నరకు డ్యూటీ అప్పగించేటప్పుడు సిస్టర్ 'ఎన్నిసార్లు? ఏ రంగు? ఎంత?' అని వరసగా అడిగారు. జబ్బుకు రంగేమిటో నాకు అర్థం కాలేదు. ఆమె నన్ను మంచం దగ్గరికి తీసుకెళ్ళి, బల్ల మీద కాగితపు తువ్వాలు కప్పి ఉంచిన బూడిదరంగు అట్టగిన్నెను చూపించారు. ఆయన రాత్రంతా వాంతులు చేసుకున్నారు.

బ్రిటన్‌లో 'బీన్ సిక్' అంటే వాంతి అయిందని, 'ఫీల్ సిక్' అంటే కడుపులో తిప్పుతోందని అర్థం. మనకు వికారం వేరు, వాంతి వేరు, నలత వేరు, వేవిళ్ళు వేరు, ఇంటిమీద బెంగ వేరు. ఇంగ్లీషులో వీటన్నిటిలోనూ ఏదో ఒక రూపంలో ఈ సిక్కే దూరుతుంది. (ఆ మాటకొస్తే, 1985 నాటి మన దేశపు చట్టం 'సిక్' అన్న, నష్టాల్లో మునిగిన కంపెనీలను మన పత్రికలు 'ఖాయిలా' అన్న చక్కని మాటతో ఎప్పుడో విడదీసుకున్నాయి.) డాక్టర్లు తమలో తాము 'హి ఈజ్ సిక్' అనుకుంటే అది మరీ వేరు: పరిస్థితి ఏ క్షణంలోనైనా విషమించవచ్చు, కన్ను వేసి ఉంచమని. నాడి, శ్వాస, బీపీ వంటివాటికి వేసే న్యూస్-2 అనే హెచ్చరిక మార్కులు ఏడుకు చేరితే అత్యవసరమే గానీ, మార్కులు చేరకముందే సీనియర్ల నోట ఈ మాట వచ్చేస్తుంది.

కుర్రకారుది ఇంకో దారి. చెయ్యి విరిగిన పదహారేళ్ళ పిల్లవాడు తన ఊదారంగు కట్టును తిప్పి తిప్పి చూసుకుని 'దట్స్ సిక్!' అన్నాడు, నేను అట్టగిన్నె పట్టుకుని పరుగెత్తాను. అద్భుతంగా ఉందని మెచ్చుకున్నాడట. చెయ్యి విరిగినవాడి ముందు అనకూడదు గానీ, మనవాళ్ళు 'ఇరగదీశావు' అనడం లాంటిదే అది.

సెలవుల దగ్గర ఈ మాట మళ్ళీ రంగు మారుస్తుంది. ఒంట్లో బాగానే ఉండి ఎగ్గొడితే అది 'సిక్కీ'. డాక్టరు రాసే 'సిక్ నోటు' పేరును 2010 ఏప్రిల్‌లో 'ఫిట్ నోటు'గా మార్చారు, 2022 జూలై నుంచి నర్సులు కూడా దాని మీద సంతకం చేయవచ్చు, అయినా వార్డులో అందరూ ఇప్పటికీ సిక్ నోటనే అంటారు. మొదటి ఏడు రోజులకు అది అవసరం లేదు, మన మాట చాలు.

ఆ మాటే నన్ను ముంచింది. మొదటి చలికాలంలో జలుబు, జ్వరం పట్టుకుంటే ఫోన్ చేసి, పొద్దుటి నుంచి 'ఐ హావ్ బీన్ సిక్' అని చెప్పాను. అవతలి వ్యక్తి ఎంతో సానుభూతిగా, చివరిసారి అయిన గంట నుంచి లెక్కపెట్టుకుని 48 గంటల దాకా వార్డులో అడుగు పెట్టవద్దని చెప్పారు. వాంతులు, విరేచనాలు అయిన సిబ్బందికి ఇక్కడ వర్తించే నియమం అది. జ్వరం సాయంత్రానికే తగ్గిపోయింది. ఇచ్చిన సెలవు మాత్రం ఇంకా మిగిలే ఉంది.