అడిగి వెళ్ళండమ్మా

ఇవాళ మళ్ళీ లూప్రోలైడ్ ఇంజెక్షన్. ప్రోస్టేట్ క్యాన్సర్‌ని పెంచి పోషించేది టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోనే కాబట్టి, మూడు నెలలకోసారి వేసే ఈ మందు దాన్ని డెసిలీటరుకి 50 నానోగ్రాముల లోపలికి దించేస్తుంది. హార్మోన్ ఆగితే ఈ జబ్బు తగ్గుతుందని 1941లోనే చార్లెస్ హగ్గిన్స్ అనే సర్జన్ చూపించాడు, 1966లో నోబెల్ కూడా వచ్చింది. నన్ను బతికిస్తున్న మందు మీద నాకు కోపం లేదు.

ఎముకలు పల్చబడతాయి, ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయి, రోజూ నడవండి, కాల్షియం మానొద్దు... ఇవన్నీ మొదట్లోనే చెప్పారు. మొగుడూ పెళ్ళాల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిందని నా గట్టి అభిప్రాయం. ఇవాళ నేనే అడిగేశాను.

డాక్టరు గారు తడుముకోకుండా చెప్పారు. కోరిక తనంతట తాను పుట్టడం బాగా తగ్గిపోతుంది. అంగస్తంభనకి ఇచ్చే మాత్రలు రక్తప్రసరణకే, కోరికని పుట్టించవు. అయితే స్పర్శ తెలిపే నరాలు ఎక్కడికీ పోవు. స్తంభన లేకపోయినా భావప్రాప్తి కలగొచ్చు. టైం ఎక్కువ పడుతుంది, ముందున్నంత గట్టిగా ఉండకపోవచ్చు.

అప్పటిదాకా ఫైలు అంచు మడతపెడుతూ కూర్చున్న మా ఆవిడ తలెత్తింది. "ఈయనకి మనసు లేనప్పుడు నేను దగ్గరికెళ్తే ఇబ్బంది పెట్టినట్టా డాక్టరు గారూ?"

"అడిగి వెళ్ళండమ్మా" అన్నారాయన.

ఇంతకాలం మంచం ఆ చివరికి జరిగి పడుకున్నది అందుకా! నేనంటే విసుగొచ్చిందేమో అనుకున్నాను.

విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంటికి వచ్చేసరికి ఉక్కపోత, దానికి తోడు నా ఆవిరి. ఛాతీలో మొదలై మెడ మీదుగా చెవుల దాకా పాకింది. మా ఆవిడ తడి తువ్వాలు తెచ్చి, "తుడవనా?" అని అడిగింది. ఊఁ అన్నాను. మెడ వెనక, చెవి కింద, భుజాల మీద, తొందర లేకుండా తుడిచింది. ఒకప్పుడు కోరిక పుట్టాకే చెయ్యి వేసేవాణ్ణి. ఇప్పుడు చెయ్యి పడి కాసేపయ్యాక, లోపల ఎక్కడో సన్నగా కదులుతుంది. పాతదానంత జోరు లేదు. అయినా అదీ సుఖమే, నాకు తెలుస్తోంది.

సాయంత్రం లాసన్స్ బే బీచ్ దాకా నడిచి మాట్లాడుకున్నాం. తనకి ఏది ఇష్టమో నోరు తెరిచి చెప్పింది. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మా ఇద్దరికే ఉంచుకున్నాం. ఏసీ గదిలోనే. ఆవిర్లు మొదలైతే కాసేపు ఆగి, మళ్ళీ దగ్గరవుదామని మాట.