నొప్పి లేకుండా రక్తం పడితే: బ్లాడర్ (మూత్రాశయం) క్యాన్సర్‌తో నా అనుభవం

మూత్రం ఎర్రగా వచ్చింది, రెండు రోజుల్లో దానంతటదే తగ్గిపోయింది. నొప్పి లేదు, మంట లేదు. మా ఊళ్లో చూపిస్తే ఇన్ఫెక్షన్ అన్నారు. కొన్ని వారాలకు మళ్లీ అదే రక్తం, మళ్లీ యాంటీబయాటిక్ కోర్సు. ఆడవాళ్లకు మామూలేనట! యూరిన్ కల్చర్‌లో క్రిములేవీ పెరగలేదని రిపోర్టులో రాసే ఉంది. అయినా మందులు మార్చారే తప్ప ఇంకేదైనా అయ్యుంటుందని అనుకోలేదు. ఈ క్యాన్సర్ మగవాళ్లలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. అందుకే ఆడవాళ్ల విషయంలో ఎవరికీ అనుమానం రాదు, బయటపడేసరికి తరచూ ముదిరి ఉంటుంది.

విశాఖలో యూరాలజిస్ట్ (మూత్రవ్యాధుల డాక్టర్) మొదట అడిగింది, "చుట్ట అలవాటుందా అమ్మా?" అని. మా వైపు అడ్డపొగ తాగే, అంటే చుట్ట వెలిగించిన కొన నోట్లో పెట్టుకుని పీల్చే ముసలమ్మలు ఉన్నారు కదా, అడగాల్సిందే. నాకు లేదు. పొగాకు విషాలు మూత్రంలో చేరి బ్లాడర్‌లో గంటలకొద్దీ నిలవుంటాయని, సుమారు సగం కేసులకు అదే కారణమని చెప్పారు.

సిస్టోస్కోపీలో, అంటే సన్నని కెమెరా గొట్టంతో బ్లాడర్ లోపల చూసినప్పుడు, కాలీఫ్లవర్ తునకలాంటి గడ్డ కనిపించింది. నడుముకు మత్తిచ్చి, మూత్రం బయటికొచ్చే దారి గుండానే దాన్ని గీకి తీశారు. కోత లేదు, కుట్లు లేవు. బయాప్సీలో హై గ్రేడ్ (దూకుడుగా పెరిగే రకం), టీ1 (లోపలి పొర దాటినా కండరం దాకా పోని దశ) అని వచ్చింది. అయితే పంపిన ముక్కలో బ్లాడర్ గోడలోని కండరం లేదట, అది లేకుండా గడ్డ ఎంత లోతుకు దిగిందో కచ్చితంగా చెప్పలేరు, కాబట్టి ఇంకోసారి గీకాలన్నారు. నాకు ఒళ్లు మండింది. తర్వాత అర్థమైంది, ఈ జబ్బులో అసలు గీత ఆ కండరమే. గడ్డ అందులోకి దిగకపోతే బ్లాడర్ దక్కే అవకాశం ఎక్కువ. దిగితే మాత్రం చాలామందికి కీమో ఇచ్చి బ్లాడరే తీసేస్తారు, కొందరికి రేడియేషన్. మొదటిసారి బయటపడినవాళ్లలో నలుగురిలో ముగ్గురికి కండరం దాకా పోదట. రెండోసారి తీసిన ముక్కలో నాకు కండరం శుభ్రంగా ఉంది.

తర్వాత బీసీజీ. పసిపిల్లలకు టీబీ రాకుండా వేసేదే, ఇక్కడ కాథెటర్ అనే సన్నని గొట్టంతో బ్లాడర్‌లోకి ఎక్కిస్తారు. 1976 నుంచీ వాడుతున్న పద్ధతి. వారానికొకటి చొప్పున ఆరు. ఎక్కించాక రెండు గంటలు మూత్రం ఆపుకోవాలి, ఆ టెన్షన్ ఆపరేషన్‌కి కూడా లేదు. ఆ రోజు ఆరు గంటలపాటు పోసిన ప్రతిసారీ టాయిలెట్‌లో బ్లీచింగ్ వేసి, పావుగంట ఆగి నీళ్లు కొట్టాలి. సాయంత్రానికి మంట, కాస్త జ్వరం. జ్వరం ఎక్కువైనా, తగ్గకపోయినా వెంటనే ఫోన్ చేయమన్నారు.

మా అబ్బాయి బతికే అవకాశాల లెక్కలు వెతికాడు. అమెరికాలో మొత్తంమీద వందలో 78 మంది దాకా ఐదేళ్లు దాటుతున్నారు, వేరే అవయవాలకు పాకితే పదిమంది లోపే. అయితే అవి గడిచిన ఏళ్ల రోగుల లెక్కలు. 2023లో ప్రకటించిన ట్రయల్‌లో ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్, పెంబ్రోలిజుమాబ్ అనే రెండు మందులు కలిపి ఇస్తే ముదిరిన దశలోనూ సగం మంది 31 నెలలు దాటారు. మామూలు కీమోతో అది 16 నెలలే. ధర మాత్రం మనలాంటివాళ్లకు అందేది కాదు.

ఇది మళ్లీ మళ్లీ వచ్చే రకం కాబట్టి, మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి సిస్టోస్కోపీ తప్పదు. నాకు తర్వాతిది సంక్రాంతి వెళ్లాక. రెండు బయాప్సీ రిపోర్టులూ పట్టుకునే వెళ్తాను. డ్యూటీలో ఏ డాక్టరున్నా ముందు అడిగేది ఆ కండరం గురించే.